కంప్యూటర్‌కి ఐసు పెట్టిన కథ

మా నాన్న కంప్యూటర్‌కి ఐసు పెట్టాడన్న కథ మా చుట్టాల్లో వినని వాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, వడ్డన కాస్త ఆలస్యమైతే చాలు, ఎవరో ఒకరు మా మావయ్యని కదిలిస్తారు. మావయ్య మా అమ్మకి తమ్ముడు. బావని ఆటపట్టించడం బావమరిది హక్కని ఆయన నమ్మకం. ఆయన నోట్లో పడ్డాక ఆ కథ ఏటికేడు పెరుగుతూ వచ్చింది. మొదట్లో ఐసు ఒక చిన్న సంచిలో ఉండేది. తర్వాత పెట్టె అయింది. ఈమధ్య విన్నప్పుడైతే నాన్న కంప్యూటర్ని నిలువునా ఐసులో పాతిపెట్టి, పైన ఊక చల్లి, మర్నాడు పొద్దున్నే లేచి, తాజా చేపకి చూసినట్టు, మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. అందరూ నవ్వుతారు. నాన్న కూడా నవ్వుతాడు. నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, కాలేజీలో, ఆఫీసులో, పెళ్ళయిన కొత్తలో నా భార్య దగ్గర ఆ కథ నేనే చెప్పి, మావయ్య కన్నా బాగా చెబుతానని పేరు తెచ్చుకున్నాను.

ఆ కథ తప్పు. ఎంతవరకు తప్పో, అసలు జరిగిందేమిటో నాకే సరిగ్గా తేలడం లేదు గానీ, మేమందరం చెప్పుకున్నట్టు మాత్రం జరగలేదు. నాన్న ఉండగానే దాన్ని సరిచేయాలని పోయిన వేసవిలో బయలుదేరాను. సరిచేశానో, ఇంకా చిక్కుముడి వేశానో చదివినవాళ్ళే చెప్పాలి.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి గదిలోంచి పెద్ద మోత వినబడి వెళ్ళాను. ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకి ఇంట్లోనే ఉంది. తెర మీద ఏదో యుద్ధం ఆడుతోంది. తెర మూల ఒక చిన్న అంకె ఎర్రగా మెరుస్తోంది. ఏమిటది అని అడిగితే, గ్రాఫిక్స్ కార్డు వేడి అని, ఎనభై తొమ్మిది డిగ్రీలు చూపిస్తోందని, ఇంకాస్త పెరిగితే అదే వేగం తగ్గించుకుంటుందని చెప్పింది. పిల్లకి జ్వరం చూసి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆట ఆపేసి, కంప్యూటర్ పెట్టె పక్క తలుపు ఊడదీసి, లోపల టార్చి వేసి చూసి, దుమ్ము పట్టింది నాన్నా, ఏదైనా బ్రష్ ఉందా అంది. పాత రంగుల బ్రష్ అటక మీద ఉండాలని గుర్తొచ్చి స్టూలు వేసుకుని ఎక్కాను. బ్రష్ దొరకలేదు. చేపలు పంపే థర్మోకోల్ పెట్టె ఒకటి దొరికింది. నాన్న వ్యాపారం మానేసి మా దగ్గరికి వచ్చేసినప్పుడు వెంట తెచ్చుకున్న సామాన్లలో అదొకటి. అందులో తాళ్ళు, తూనిక రాళ్ళు, వాటి అడుగున పాలిథీన్ కవర్లో చుట్టిన నా పాత గ్రాఫిక్స్ కార్డు.

కిందికి తెచ్చి చూపించాను. ఆకుపచ్చ రేకు, మధ్యలో రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్ద ఫ్యాను. మా అమ్మాయి తన కంప్యూటర్లో ఇటుకంత ఉన్న కార్డు పక్కన దాన్ని పెట్టి, ఇదేనా తాతయ్య ఐసు పెట్టింది అని నవ్వింది. తర్వాత దాన్ని తిప్పి చూస్తూ, ఫ్యాను ఇంతేనా, దీనికి చుట్టూ బాగా గాలి ఆడాలి కదా, ఎక్కడ పెట్టేవాడివి నువ్వు అని అడిగింది. ముందు గదిలో అని చెప్పబోయాను. అప్పుడు చూశాను. ఫ్యాను రెక్కకి గోధుమరంగు పీచు ఒకటి చుట్టుకుని ఉంది. అది గోనె పీచు. మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా అది చూడగానే తెలుస్తుంది.

మాది బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. తాతలు వేటకి వెళ్ళేవాళ్ళు. నాన్న మాత్రం పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి చేపల వ్యాపారంలో పడ్డాడు. కృష్ణలంకలో ఒక సందులో ఇల్లు. వెనక గదులు రెండూ స్లాబు, ముందు గది మాత్రం వరండాకి రేకులు వేసి మూసినది. కొల్లేరు నుంచి, రేవు నుంచి లారీలు చీకటితోనే దిగేవి కాబట్టి నాన్న పగలు మాకు కనబడేది సగమే. ఎండ ఎక్కే వేళకి ఇంటికొచ్చి, తిన్నగా పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళేవాడు. పంపు గట్టు మీద అమ్మ పులిహోరకో మజ్జిగకో పిండేసిన నిమ్మచెక్కలు ఒక చిప్పలో ఎండకుండా పెట్టి ఉంచేది. నాన్న పీట మీద కూర్చుని వాటితో చేతులు రుద్దుకునేవాడు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, మణికట్టు దాటి మోచేతి దాకా, తొందర లేకుండా, పొలుసులు తీసిన చేపని కడిగినంత శ్రద్ధగా. తర్వాత చింతపండు, ఆపైన సబ్బు. అప్పుడు గానీ కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఇంత చేసినా ఆ వాసన పోయేదో లేదో నేను చెప్పలేను. మా ఇల్లంతా అదే గాలి. కరిగిన ఐసు, తడిసిన ఊక, చేప, నిమ్మ. అందులో పెరిగినవాడికి అది వాసన అని తెలియడానికి బయటివాడు ఒకడు రావాలి.

అన్నం తిన్నాక నాన్న నడిమి గదిలో చాప వేసుకుని పడుకునేవాడు. ఆ కొన్ని గంటలు మా ఇంట్లో మాట, అడుగు, గిన్నె, అన్నీ మెత్తబడేవి. అమ్మ ఆ వేళలో కుక్కరు పెట్టేది కాదు. తలుపు గొళ్ళానికి గుడ్డ చుట్టేది. మావయ్య వచ్చినా సైగలతోనే కాఫీ అడిగేవాడు. ఇవాళ మా అమ్మాయి తలుపు వేసుకుని లోపల యుద్ధాలు చేస్తుంటే ఇవతల నేను ఫోన్లో గట్టిగా మాట్లాడుకుంటాను, టీవీ ఒకవైపు మోగుతూనే ఉంటుంది. ఒక మనిషి నిద్ర చుట్టూ ఇల్లంతా అలా మునివేళ్ళ మీద నిలబడేదంటే తనకి కథలా ఉంటుంది. ఆ నిశ్శబ్దం లేకపోతే ఈ గొడవంతా లేదు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో కంప్యూటర్ వచ్చింది. గవర్నర్‌పేటలో విడిభాగాలు తెచ్చి కూర్చిపెట్టే దుకాణంలో కొన్నాం. బొమ్మలు గీసే పాఠాలకి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని నాన్నతో చెప్పి వేయించుకున్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. నాకు కావలసింది కార్ల పందెం. దుకాణంవాడు చల్లటి గదిలో పెట్టుకోమన్నాడు. అమ్మ మాత్రం వచ్చేపోయేవాళ్ళకి కనబడాలని ముందు గదిలో పెట్టించింది. పైన రేకులు, పడమటి ఎండ. రేకు కింద వేసవిలో నిలబడితే నెత్తి మీద పెనం పెట్టినట్టుండేది.

ఆ మొదటి రోజుల్లో నాన్న నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒకసారి ఇటివ్వరా అని మౌస్ అందుకుని, చెయ్యి ఇటు కదిపితే బాణం అటు కదలడం చూసి తనలో తనే నవ్వుకునేవాడు. బొమ్మలు వేసే పేజీ తీసి ఇస్తే ఒక గీత తిప్పి, దాన్నే దాటించి తోక లాగి, చేప వేశాడు. కన్ను పెట్టబోతే చుక్క బయట పడింది. గుడ్డిది పడిందిరా వలలో అన్నాడు. ఆ బొమ్మ నేను దాచలేదు. నాకు ఆ కంప్యూటర్ విషయంలో శుభ్రం పిచ్చి ఉండేది. ఎవరైనా ముట్టుకుని లేస్తే మౌస్‌నీ కీబోర్డునీ తడిగుడ్డతో తుడిచి, పౌడరు అద్దిన చేతిరుమాలుతో మళ్ళీ ఒకసారి తుడిచేవాణ్ణి. వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నాడో అని అమ్మ మురిసిపోయేది.

ఆటలకి తోడు రవి వచ్చేవాడు. కాలేజీలో నా పక్క బెంచీ. వాళ్ళ నాన్న డాక్టరు. మొదటిసారి వచ్చినప్పుడు మా గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. మా ఇంటికి కొత్తగా వచ్చేవాళ్ళందరూ అలా ఆగేవాళ్ళే. తర్వాత అలవాటు పడిపోయాడు. మధ్యాహ్నాలు ఇద్దరం చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక చెవి వాడికి ఒక చెవి నాకు, కార్లు తోలేవాళ్ళం. మా వైపు నుంచి చప్పుడు ఏమీ లేదు. చప్పుడంతా పెట్టెది. ఆట మొదలైన కాసేపటికి లోపలి ఫ్యాన్లు అందుకునేవి. ముందు గుయ్‌మని, తర్వాత పిండిమర లాగా. గోడకి అవతలే నాన్న తల. ఏందిరా ఆ మోత అని నిద్రలోనే ఒక మాట వచ్చేది. ఆపేసేవాళ్ళం. కొంచెం ఆగి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. మా పెరట్లో గోనె సంచులకి కొదవ లేదు. ఐసు దిమ్మలు వచ్చేది వాటిలోనే. దిమ్మకి ఊక పట్టించి, గోనె చుట్టి నీడన పడేస్తే, బయట రోహిణి కార్తె ఎండ రోళ్ళు పగలగొడుతున్నా అది సాయంత్రం దాకా కరిగేది కాదు. కాబట్టి మా ఇంట్లో గోనె అంటే చల్లగా ఉంచేది. ఇది ఎవరో నేర్పిన సంగతి కాదు, నిప్పు కాలుస్తుందన్నంత సహజంగా తెలిసిన సంగతి. ఒక సంచి ఉతికి, ఆరబెట్టి, పెట్టె మీదా వెనకా కప్పితే చప్పుడు లోపలే ఉండిపోతుంది, పెట్టె కూడా చల్లగా ఉంటుంది అనుకున్నాను. ఇంజనీరింగ్ చదువుతున్నాను, ఉష్ణం గురించి పరీక్షలో పేజీలు నింపాను, అయినా బయటి వేడిని లోపలికి రానివ్వనిది లోపలి వేడిని బయటికీ పోనివ్వదని నాకు తట్టలేదు. ఐసు చల్లగా ఉండడానికి కారణం గోనె అనుకున్నాను గానీ, ఐసు అసలే చల్లగా ఉంటుంది కదా అనుకోలేదు. పైగా ఒకరోజు నాన్న నిద్ర లేచి వచ్చి చూసి, గోనె కప్పావా, మంచి పనే, ఎండకి కాగిపోతందిది అన్నాడు.

గోనె కప్పాక మోత తగ్గింది. కొన్నాళ్ళకి మళ్ళీ పెరిగింది. రెండో సంచి కప్పాను. తెర మీద కార్లకి అక్కడక్కడా రంగు చుక్కలు కనబడేవి. రోడ్డు పక్క చెట్లు ఒక్కోసారి ఊదారంగుకి తిరిగేవి. అది ఆటలో ఉన్న అందమే అనుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి చెబుతోంది, కార్డు కాలిపోతున్నప్పుడు అలా చుక్కలు పడతాయట. అది అరుస్తోంది నాన్నా, నీకు అర్థం కాలేదు అంది.

ఇక ఆ మధ్యాహ్నం. ఇక్కడి నుంచే నాకు అయోమయం. వడగాలి తోలుతున్న రోజు, అది ఖాయం. రవి ఉన్నాడు, అదీ ఖాయం. పందెం ఆఖరి మలుపులో తెర నిండా పచ్చ, గులాబీ గీతలు నిలువునా లేచి, బొమ్మ కొయ్యబారిపోయింది. రవి హెడ్‌ఫోన్లు ఉన్నాయని మరిచిపోయి కేకేశాడు. నాన్న లేచి లుంగీ సర్దుకుంటూ వస్తుంటే, ఆయన గడప దాటేలోపల నేను గోనె సంచులు లాగేసి మంచం కిందికి తన్నాను. ఎందుకు తన్నానో తెలియదు. గోనె మంచి పని అని ఆయనే అన్నాడు, దాచాల్సింది ఏమీ లేదు. కానీ చెయ్యి లోలోపల ఏదో తెలిసినట్టు దాచేసింది. నాన్న వచ్చి, చేపల పెట్టె చూసే అలవాటుతో, అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు పెట్టె మీద ఆనించి, వెంటనే తీసేశాడు.

"కాగిపోతందిరా. ఆపు."

ఆపడం రాలేదు నాకు. మీట నొక్కితే ఆగలేదు. నాన్న పెరట్లోకి వెళ్ళి, ఐసు ముక్కలు పాలిథీన్ సంచిలో పోసి, తువ్వాలు చుట్టి తెచ్చి పెట్టె నెత్తిన పెట్టాడు. వద్దని నేను అనలేదు. నాకూ అది సబబుగానే తోచింది. కాగిపోయేదానికి ఐసు పెట్టడం కన్నా మా ఇంట్లో వేరే వైద్యం లేదు. కొంతసేపటికి తువ్వాలు నానింది. పెట్టె నెత్తిన ఉన్న సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగాయి. టప్‌మని చిన్న చప్పుడు, కాలిన వైరు వాసన. అంతే. అయితే తెర నల్లబడింది ఆ చప్పుడు తర్వాతా, ముందా? ఇన్నేళ్ళూ తర్వాతే అని చెప్పాను. మావయ్య కథలో కూడా తర్వాతే. కానీ కళ్ళు మూసుకుని చూస్తే, నాన్న ఐసు కోసం పెరట్లో ఉన్నప్పుడు రవీ నేనూ ఒక నల్లటి తెర ముందు నిలబడి ఉన్నట్టు కనబడుతుంది. అందులో మా ఇద్దరి మొహాలూ కనబడుతున్నట్టు కూడా.

మర్నాడు పెట్టెని రిక్షాలో గవర్నర్‌పేట తీసుకెళ్ళాం. దుకాణంవాడు తలుపు తీసి, కార్డు మీద ఆరిన నీటి మరక చూసి, నీళ్ళు పడ్డాయండి, ఇంకేముంది అన్నాడు. కార్డు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. గోనె సంగతి వాడికి ఎవరు చెప్పారు గనక? నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. నావల్లేరా, ఇంకోటి కొందాంలే అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆ సాయంత్రానికి రవి కాలేజీ అంతా చెప్పాడు, అమ్మ మావయ్యకి చెప్పింది, ఆ తర్వాత కథ మా చేతుల్లో లేదు.

అప్పటి నుంచి నాన్న ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదు. నేను అనుకున్నది అది. సెల్‌ఫోన్లు వచ్చాక అమ్మ పట్టుకుంటే దూరంగా వంగి మాట్లాడేవాడు. లిఫ్టులో మీట నొక్కడు, ఎవరైనా వచ్చేదాకా నిలబడతాడు. ఫోన్ల దుకాణానికి తీసుకెళ్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దేవుడి గదిలో నడిచినట్టు నడుస్తాడు. బావ చెయ్యి తగిలితే మిషను మటాషే అని మావయ్య ఎన్నిసార్లు అన్నాడో. అన్నప్పుడల్లా నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఆయన తనని తాను తప్పు పట్టుకుంటున్నాడని, ఆ తప్పు నాదని, ఆ గోనె పీచు చూశాక గానీ నాకు నిలవనీయనంత బాధ కలగలేదు. పెద్దాయనకి డెబ్బై దాటాయి. చెప్పేయాలి అనుకున్నాను. చెప్పేముందు కచ్చితంగా తెలుసుకుని చెబుదామనుకున్నాను. అదే పొరపాటు.

రవికి ఫోన్ చేశాను. ఇప్పుడు గన్నవరంలో ఉంటున్నాడు. గోనె సంచా, నాకు గుర్తులేదే అన్నాడు. ఐసు కూడా కాదురా, మీ నాన్నగారు తడి తువ్వాలు కప్పారు, ఐసు మీ మావయ్య కలిపింది అన్నాడు. కాలేజీ అంతా ఐసు కథ చెప్పింది నువ్వే కదరా అంటే, నేనా అని ఆశ్చర్యపోయాడు. అమ్మని అడిగాను. ఆ రోజు అసలు కరెంటే లేదురా, కరెంటు వచ్చీ పోయీ వచ్చీ పోయీ దాన్ని చంపేసింది, నేను అప్పుడే చెప్పాను, ఎవరు విన్నారు అంది. కరెంటు లేకపోతే ఆట ఎలా ఆడామమ్మా అంటే, అది నాకేం తెలుసు, మీరు ఏదో ఒకటి ఆడుతూనే ఉండేవాళ్ళు అంది.

చివరికి కార్డు పట్టుకుని గవర్నర్‌పేట వెళ్ళాను. పాత దుకాణం లేదు, దాని చోట చెప్పుల షాపు. రెండు సందుల అవతల పాత కంప్యూటర్లు బాగుచేసే చోటు ఒకటి చూపించారు. నా వయసువాడే, దాన్ని చేతిలోకి తీసుకుని ఎవరో చిన్ననాటి మనిషి కనబడ్డట్టు చూశాడు. ఇవి పట్టే బోర్డు నా దగ్గర ఒక్కటుందండీ, చూద్దాం అని లోపలి నుంచి తెచ్చి బిగించాడు. నేను ఏం కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. కాలిన గుర్తులు చూపిస్తూ, ఇది వేడికి పోయిందండీ, నీళ్ళకి కాదు అని అతను అంటాడని, ఆ మాట మూటగట్టుకుని ఇంటికి వెళ్తానని అనుకున్నాను. మీట నొక్కాడు. ఆ చిన్న ఫ్యాను, గోనె పీచుతో సహా, తిరిగింది. తెర వెలిగింది. ఒక్క చుక్క లేదు, గీత లేదు.

"బానే ఉంది గదండీ," అన్నాడు.

"మరి ఆ రోజు పోయిందేంటి?"

"ఏమోనండీ. పవర్ సప్లై పోయి ఉండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు. ఆ రోజుల్లో ఒకటి పోతే అన్నీ మార్చేసేవాళ్ళం."

అంటే గోనె చంపలేదు, ఐసు చంపలేదు, చచ్చిందనుకున్నది చావనే లేదు. అన్నేళ్ళు థర్మోకోల్ పెట్టెలో బతికే ఉంది. మనసు తేలికపడాలి కదా. ఇంటికి వచ్చే దారంతా ఇంకా బరువెక్కింది. నాది కాని తప్పు దాచానా? ఆయనది కాని తప్పు ఆయన మీద ఉంచానా? మరి దాచిన తప్పు ఎక్కడికి పోతుంది? ఎలా అయితేనేం, ఒకటి మాత్రం చెప్పగలను, నాన్నా నువ్వు పాడుచేయలేదు అని. అది చాలనుకున్నాను.

నాన్న బాల్కనీలో కుర్చీ వేసుకుని కిందికి చూస్తూ కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కార్డు ఆయన ముందు పెట్టి, ఆ రోజు సంగతంతా చెప్పాను. గోనె, మంచం కిందికి తన్నడం, దుకాణంలో నోరు విప్పకపోవడం, ఇవాళ తెర వెలగడం. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, గోనె కప్పితే చల్లగానే ఉంటది కదరా అన్నాడు. ఉండదు నాన్నా అని వివరించబోతే, సర్లే అన్నట్టు తలూపాడు.

"అది కాదు నాన్నా. నీ చెయ్యి తగిలితే మిషన్లు పాడవుతాయని ఇన్నేళ్ళూ దేన్నీ ముట్టుకోలేదు నువ్వు. అది నావల్ల."

నాన్న నా వైపు తిరిగి, నేనేదో పొరుగువాళ్ళ సంగతి మాట్లాడుతున్నట్టు చూశాడు.

"అందుకెందుకురా మానేస్తాను. ఐసు గొడవకి ముందే మానేశాగా."

"ముందా? ఎందుకు?"

"నువ్వు తుడిచేవోడివి గదా." నిష్ఠూరం లేదు గొంతులో. సరుకు రకం చెబుతున్నట్టు చెప్పాడు. "నేను లేవగానే ఆ మౌసు గుడ్డెట్టి తుడిచేవోడివి. పౌడరు గుడ్డ. మీ అమ్మ పట్టుకున్నా తుడిచేవోడివి కాదు, ఆ రవి పట్టుకున్నా తుడిచేవోడివి కాదు. వాసన మరి. నిజమే గదా, వాసనే. మన దగ్గర మనకి తెలవదు. నలుగురూ ముట్టుకునే వస్తువులు, మనకెందుకులే అని."

ఎవరైనా ముట్టుకుంటే తుడిచేవాణ్ణని ఈ కథలోనే పైన రాశాను. రాసేటప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. నాకు అలాగే గుర్తుంది. దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచాను. ఐసు కథ తప్పని నిరూపించడానికి ఊరంతా తిరిగాను. తిరిగింది ఏ తప్పు కోసమో, ఆ తప్పు అక్కడ లేదు. ఉన్నది ఒక చేతిరుమాలులో ఉంది, దాన్ని నేను శుభ్రం అని పిలిచాను. క్షమించు అన్న మాట మా ఇళ్ళల్లో ఎవరూ ఎవరికీ అనగా వినలేదు. నాన్న కూడా నేను ఏదో అనాలని ఎదురుచూస్తున్నట్టు లేడు.

లోపలి నుంచి మా అమ్మాయి పిలిచింది. ఇవాళ బ్రష్ దొరికి, దుమ్ము దులిపి మళ్ళీ ఆట పెట్టిందట, అంకె దిగిందో లేదో చూద్దురు రమ్మంది. తాతయ్యా, నువ్వు కూడా రా, నువ్వు చెయ్యి పెట్టి చెప్పు, అంకె నిజమో కాదో అంది. కథ తెలిసిన పిల్ల, సరదాకే అంది. నాన్న లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే చేతులు వెనక్కి పోయాయి. వెళ్ళు నాన్నా అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, గది వైపు కాకుండా వంటింటి వైపు నడిచాడు.

వంటగట్టు మీద నా భార్య పొద్దున పిండేసిన నిమ్మచెక్కలు ఉన్నాయి. నాన్న పంపు తిప్పి, ఒక చెక్క అందుకుని చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, మణికట్టు దాటి. చేపలు ముట్టుకుని ఏళ్ళు దాటిపోయింది. అక్కర్లేదు నాన్నా అని చెప్పడానికి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడ్డాను. ఆయన తొందరపడలేదు. తువ్వాలుతో తుడుచుకుని, చేతులు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, మనవరాలి గదిలోకి వెళ్ళి, చేతి వెనకవైపు ఆ పెట్టె మీద ఆనించాడు.

"పర్లేదమ్మా," అన్నాడు. "చల్లబడింది."

మా అమ్మాయి అంకె చూసి అరవై ఎనిమిది అంది. గదంతా నిమ్మ వాసన.